సీరియల్ బుట్ట

పొద్దున్న ఆరున్నరకి ఆసుపత్రి లాండ్రీ తలుపు తీయగానే మడతక్క చేసే మొదటి పని బుట్టలు లెక్కపెట్టుకోవడం. చక్రాల బుట్టలు పదకొండు. ఆపరేషన్ గదివి రెండు, పిల్లల వార్డుది ఒకటి, కాన్పుల వార్డువి మూడు, మిగిలినవి పెద్ద వార్డులవి. శనివారం మాత్రం పన్నెండోది కూడా నిండి ఉంటుంది. ఒక చక్రం మొరాయించి, ఎటు తోసినా గుండ్రంగా తిరిగే ఆ పాత బుట్ట సీరియల్‌ది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి టీవీలో ఆ సీరియల్ వస్తుంది. శనివారం పొద్దుటికల్లా అందులోవాళ్ల మాసిన బట్టలు ఈ బుట్టలో ఉంటాయి. మోకాళ్ల దాకా బురద పట్టిన ప్యాంట్లు, పొగ వాసన కొట్టే కోట్లు, బొత్తాలు ఊడిన చొక్కాలు. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి మంగళవారంలోగా అదే బుట్టలో ఉంచితే, బుధవారం పొద్దుటికి బుట్ట ఖాళీ. మొదటి వారం సూపర్‌వైజరు పుస్తకంలో 'వార్డు' అన్న గడిలో ఏం రాయాలో తోచక కాసేపు పెన్ను కొరికి, చివరికి 'సీరియల్' అని రాసుకున్నాడు. ఆయనకొచ్చిన సందేహం ఒక్కటే, బూడిద మరకలకి ముందు వేణ్నీళ్లా, చన్నీళ్లా అని. చన్నీళ్లేనంది మడతక్క. వేణ్నీళ్లు తగిలితే మరక బట్టని పట్టుకుని ఇక వదలదు.

మడతక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆవిడ దుప్పటి మడత పెడితే అంచులు అతికించినట్టు కలుస్తాయి. చొక్కా మడత పెడితే కాలరు లోపలికి పోయి, జేబు సరిగ్గా పైకొస్తుంది. జేబు పైకి రావడం అందం కోసం కాదు. లాండ్రీలో జేబుకున్న మర్యాద వేరు. ఏ బట్టయినా నీళ్లలో పడేముందు జేబులన్నీ చూడాలి. దొరికినదాన్ని చిన్న గుడ్డసంచిలో వేసి, ఉతికాక అదే బట్టకి పిన్నీసుతో తగిలించి పంపాలి. ఉన్నది తియ్యకూడదు, లేనిది పెట్టకూడదు. ఇరవై రెండేళ్లలో మడతక్క డాక్టర్ల జేబుల్లో చాక్లెట్లు చూసింది, ప్రేమలేఖలు చూసింది, ఒకసారి బతికున్న కప్పపిల్లని కూడా చూసింది. అన్నీ తిరిగి వెళ్లాయి. సీరియల్ వాళ్ల జేబుల్లో గింజలు, తాళం చెవులు, సగం కాలిన ఫొటోలు ఉండేవి. అవీ సంచుల్లో తిరిగి వెళ్లేవి.

ఇంతకీ సీరియల్ కథేమిటంటే, రోగం ఒకటి వచ్చి లోకం ఖాళీ అయిపోయిన ఇరవై ఏళ్లకి, ఒక వంతెన పక్క ఊళ్లో మిగిలిన నలభై మంది సంగతి. మడతక్క వాళ్లింట్లో దాన్ని భక్తిగా చూసేది అత్తగారు. ఐదున్నరకే కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రకటనలతో సహా చూసేది. లిఫ్టులు బాగుచేసే మొగుడుగారు పేపరు అడ్డం పెట్టుకుని ఒంటికంటితో చూసేవాడు. ఆ పేపర్లోనే ఆదివారం ఆదివారం ఒకాయన ఈ సీరియల్‌ని ఉతికి ఆరేసేవాడు. "ప్రపంచం అంతమై ఇరవై ఏళ్లయినా ఇందులో ఎవరి చొక్కాకీ ఇస్త్రీ మడత చెదరలేదు. ఆకలితో మాడేవాళ్ల కాలర్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. దర్శకుడికి దరిద్రమంటే తెలుసా?" అని రాశాడొకసారి. మొగుడుగారు దాన్ని గొంతెత్తి చదివి పెళ్లాం మొహం చూశాడు. మడతక్కకి కోపం వచ్చింది, వెంటనే కాస్త గర్వం కూడా వచ్చింది. ఆ పేపరు ముక్క కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది.

అసలు ఆవిడకి ఆ సీరియల్ మింగుడు పడేది కాదు, అలాగని ఉమ్మేయబుద్ధీ అయ్యేది కాదు. మనుషుల్లేని వీధుల్లో గడ్డి మొలిచి, బస్సుల మీదికి తీగలు పాకి, ఎక్కడా హారన్ మోత లేకుండా ఉంటే చూడ్డానికి ఎంతో హాయిగా ఉండేది. ఆ నలభై మందిలో సగం మంది మీద ఆవిడకి ప్రేమ కూడా పుట్టింది. బట్టలు ఉతికితే మనుషులు తెలిసిపోతారు కదా. కానీ రోగం వచ్చిన రోజుల్ని చూపించినప్పుడల్లా ఒళ్లు మండేది. అందులో మనుషులు మొదటి రోజునే ఒకళ్లనొకళ్లు తోసుకుని, దుకాణాలు పగలగొట్టి, తోడేళ్లయిపోతారు. మడతక్క చూసిన రోగం అది కాదు. నాలుగేళ్ల కిందట నిజంగానే రోగం వచ్చింది, నిజంగానే మనుషులు పోయారు. కానీ లాండ్రీలో పొద్దున్న ఆరున్నరకి పద్నాలుగు మందీ వచ్చారు. ఒకామె కళ్లు తుడుచుకుంటూ వచ్చింది, ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు, కానీ అందరూ వచ్చారు. ఆ సంగతి ఏ సీరియల్‌లోనూ లేదు. దుప్పట్లు ఉతికితే ఎవరు చూస్తారు?

"ఇరవై ఏళ్లలో ఒక్కళ్లూ బట్టలుతికినట్టు చూపించరేమిటి అత్తయ్యా?" అని అడిగిందొకసారి.

"నువ్వు ఉతుకుతున్నావుగా. మళ్లీ వాళ్లెందుకు?" అంది అత్తగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. అదీ నిజమే.

సీరియల్ వస్తున్నంతసేపూ హాల్లోకి రానిది ఒక్క చెల్లి. మడతక్కకి తోడబుట్టింది ఈ ఒక్కతే. పదేళ్ల చిన్నది, పెళ్లి వద్దంది, అక్క ఇంట్లోనే ఉంటుంది. రోగం రోజుల్లో అదే ఆసుపత్రిలో నర్సు. రెండేళ్లు ఒంటి మీద స్పృహ లేకుండా చేసింది. ఒకరోజు డ్యూటీ అప్పగించి, సంతకం పెట్టి, తాళాలు బల్లమీద పెట్టి వచ్చేసింది. మళ్లీ ఆ గేటు వైపు వెళ్లలేదు. కొన్నాళ్లు ఖాళీగా కూర్చుని, తర్వాత పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా వేరుచేసే పనిలో చేరింది. ఒక్క ఉత్తరం కూడా తప్పు గడిలో వేయదని అక్కడ పెద్ద పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా మడతక్క గుండెలో ఏదో కలుక్కుమనేది.

సీరియల్‌లోనూ ఒక నర్సుంది. పొడుగు మనిషి. అత్తగారు ఆవిడకి తాడిచెట్టని పేరు పెట్టింది. రోగం ముదిరిన రోజున తన వార్డు తలుపు దగ్గరికి లాగేసి పారిపోయిందట. ఆ సంగతి పద్నాలుగో వారంలో బయటపడింది. ఇరవై ఏళ్లుగా ఆ నర్సు యూనిఫాం మూటలో దాచుకుని తిరుగుతోంది, వేసుకోదు, పారేయదు. అప్పట్నుంచీ ఊరు ఆవిడతో మాట్లాడటం మానేసింది. అత్తగారైతే మరీను. "రోగుల్ని వదిలేసి పారిపోయినదానికి అన్నం ఎలా సయిస్తుందో!" అని టీవీని తిట్టిపోసేది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇక్కడ హాల్లో తాడిచెట్టుని తిడితే అక్కడ వంటింట్లో చెల్లి చేతిలో గిన్నె ఆగిపోయేది. చెల్లి ఎవరి మీదా తలుపు వేయలేదు. అయినా ఆగిపోయేది. అత్తగారికి చెల్లంటే ప్రాణం, కానీ సీరియల్ వచ్చే ఆ గంటా ఆవిడకి టీవీ తప్ప ఇంట్లో ఎవరున్నదీ కనపడదు.

ఆ ఆగిపోవడం వెనక ఒక చీటీ ఉంది. రోగం ఉధృతంగా ఉన్న రోజుల్లో చెల్లి వార్డులో ఒక వడ్రంగి ఉండేవాడు. ఇంటివాళ్లెవర్నీ లోపలికి రానివ్వని రోజులవి. ఊపిరాడక, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, కూతురికి చెప్పమని ఏదో చెప్పాడు. గుర్తుపెట్టుకుంటానంది చెల్లి. రాసుకోమన్నాడాయన. రాసుకుని యూనిఫాం జేబులో పెట్టుకుంది. అప్పటికి ఆవిడ కునుకు తీయక ముప్పై గంటలు. డ్యూటీ దిగుతూ అలవాటుకొద్దీ యూనిఫాం విప్పి లాండ్రీకి పంపే మూతికట్టే సంచిలో వేసేసింది. తెల్లారేసరికి వడ్రంగి లేడు, చీటీ లేదు, ఆయన చెప్పింది కూడా గుర్తులేదు. "ఏదో కిటికీ సంగతి. తెరవమన్నాడో, మూయమన్నాడో, తీసేయమన్నాడో" అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అక్కతో అంది. కూతురి ఇల్లు కనుక్కుని రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చింది. వెళ్లి ఏమని చెబుతుంది?

చెల్లికి చెప్పని సగం మడతక్క దగ్గరుంది. ఆ రోజుల్లో సంచులు విప్పకూడదని, జేబులు చూడకూడదని, సంచితో సహా మరిగే నీళ్లలో వేయమని ఆర్డరు. సరిగ్గా ఆ సంచిని నీళ్లలో వేసింది మడతక్కే. ఆరబెట్టే యంత్రం జాలీలో గోళీకాయంత కాగితం ఉండ దొరికింది, పక్కనే ఉన్న యూనిఫాం మీద నంబరు రెండువందల పద్నాలుగు. అది చెల్లి నంబరు. దాన్ని గుడ్డసంచిలో వేసి, పిన్నీసు పెట్టి, తన సామాన్ల అరలో అట్టడుగున దాచింది. కాస్త కుదుటపడ్డాక చెబుదామనుకుంది. చెప్పాల్సిన మాట నిలవున్నకొద్దీ బరువెక్కుతుంది. నాలుగేళ్లయ్యాక అది నోట్లోంచి రావడానికి దారే లేకుండా పోయింది.

ఇలా ఉండగా ఆసుపత్రి నుంచి చెల్లికి ఉత్తరం వచ్చింది. కొత్త వార్డు తెరుస్తున్నాం, పాత నర్సులు తిరిగి రావాలనుకుంటే ఈ నెలాఖరు సోమవారంలోగా చెప్పండి అని. చెల్లి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో తగిలించింది. చించేయలేదు, సంతకమూ పెట్టలేదు. పాలు తీసిన ప్రతిసారీ దాన్ని చూసేది, చూడనట్టు తలుపు వేసేది. చెల్లికి ఆ పనంటే ఎంత ఇష్టమో మడతక్కకి తెలుసు. వీధిలో ఎవరైనా దగ్గితే ఇప్పటికీ ఆగి వింటుంది. పోస్టాఫీసు నుంచి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు మోచేతిదాకా, వేళ్ల సందులతో సహా, నర్సులు కడుక్కున్నట్టే కడుక్కుంటుంది. తన చెల్లెలు తన పని తను చేసుకుంటూ బతకాలని మడతక్క కోరిక. దానికి అడ్డం పడ్డవి తన చేతులే అని ఆవిడ బాధ.

సీరియల్ ముగియడానికి ఇంకో వారం ఉందనగా వచ్చిన భాగంలో రెండు సంగతులు జరిగాయి. తాడిచెట్టు మూట విప్పి యూనిఫాం తీసి, వేసుకుని, జ్వరమొచ్చిన ఒక పసిదాని పక్కన కూర్చుంది. పసిది బతికింది, కానీ ఊరు కరగలేదు. వచ్చే వారం ఆవిడని వంతెన దాటించి వెళ్లగొట్టాలని తీర్మానించారు. రెండోది, వరదలో మునిగిన లైబ్రరీలో ఒక ముసలాయన్ని చూపించారు. ముద్దయిపోయిన పుస్తకాల్ని పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టి, పక్షి ఈకతో ఒక్కో కాగితాన్నీ విడదీసి, తీగల మీద ఆరేసి చదువుతున్నాడు. అత్తగారు ఆవులించింది. మడతక్క మాత్రం కుర్చీలో ముందుకి జరిగింది.

శనివారం బుట్టలో తాడిచెట్టు యూనిఫాం మొదటిసారిగా వచ్చింది. ఇరవై ఏళ్ల మడతల గీతలు పసుపురంగుకి తిరిగి, చంక కింద చిరుగు. మడతక్క దాన్ని విడిగా, చేత్తో ఉతికింది. చిరుగు కుట్టింది. జేబులు రెండూ ఖాళీ. ఇస్త్రీ చేసి మడతపెట్టాక ఎడం జేబు పైకొచ్చి ఆవిడ మొహంలోకి చూస్తున్నట్టుంది. మంగళవారం దాకా ఊగిసలాడింది. మంగళవారం సాయంత్రం సామాన్ల అరలోంచి సంచి తీసి ఆ జేబుకి పిన్నీసుతో తగిలించింది. లేనిది పెట్టకూడదన్న నియమాన్ని ఇరవై రెండేళ్లలో మొదటిసారి తప్పింది. బుధవారం పొద్దున్న చూస్తే బుట్ట ఖాళీగా ఉంది. అప్పుడు మొదలైంది భయం. మిగిలింది ఒక్క భాగం. తిరిగి రాకపోతే ఆ ఉండ కూడా పోయినట్టే.

ఇంక కడుపులో దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆ సాయంత్రం బాల్కనీలో ఇద్దరూ దుప్పటి మడతపెడుతున్నారు. చెరో అంచూ పట్టుకుని, దూరంగా వెళ్లి, మళ్లీ దగ్గరికొచ్చి అంచులు కలపాలి. మొదటిసారి దగ్గరికొచ్చినప్పుడు నోరు రాలేదు. రెండోసారి వచ్చింది.

"ఆ రోజు నీ యూనిఫాం నీళ్లలో వేసింది నేనే."

చెల్లి అంచులు వదల్లేదు. "తెలుసు" అంది.

"తెలుసా?"

"ఆ వారమంతా ఆ యంత్రం దగ్గరున్నది నువ్వేగా అక్కా. ఇంకెవరు వేస్తారు?"

"మరి ఎప్పుడూ అనలేదే?"

"అంటే నువ్వు ఏడుస్తావు. నిన్ను చూసి నేను ఏడుస్తాను. అత్తయ్య వచ్చి ఏమైందంటుంది. ఎందుకొచ్చిన గొడవ."

మడతక్క నవ్వబోయి ఆగింది. అసలు మాట ఇంకా లోపలే ఉంది. కాగితం ఉండ దొరికిందని, నాలుగేళ్లూ తన దగ్గరే ఉందని, నిన్న దాన్ని సీరియల్ బుట్టలో పంపానని నీళ్లు నములుతూ చెప్పింది. అప్పుడు వదిలేసింది చెల్లి దుప్పటిని.

"ఉందా? ఇన్నాళ్లూ ఉందా? ఉన్నదాన్ని నన్నడక్కుండా పంపేశావా?"

చెల్లి లోపలికి వెళ్లిపోయింది. గురువారమంతా అక్కతో మాట్లాడలేదు, అడిగినదానికి తలూపింది అంతే. మడతక్క తిట్టినా బాగుండుననుకుంది. అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ ఇంట్లో సీరియల్ కంటే ఎక్కువ జరుగుతోందని కొడుకుతో అంది.

శుక్రవారం ఐదూ యాభైకి చెల్లి వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి టీవీ ముందు వేసుకుంది. అత్తగారు తన కాళ్లమీది శాలువాలో సగం చెల్లి ఒళ్లోకి జరిపింది.

చివరి భాగం వంతెన దగ్గర మొదలైంది. నలభై మందీ నిలబడ్డారు. అందరి కాలర్లూ నిటారుగా ఉన్నాయి. తాడిచెట్టు యూనిఫాంలో వచ్చింది. పొమ్మన్నారు. ఆవిడ ఎడమ జేబు దగ్గర తెల్లసంచి కనపడగానే మడతక్క చెల్లి భుజం పట్టుకుంది. తాడిచెట్టు ఆ సంచి తీసి చూసుకుంది, ఇదెక్కడిదన్నట్టు. లోపలున్న ఉండని అరచేతిలో పెట్టుకుని, వంతెన వైపు కాకుండా, తిన్నగా లైబ్రరీకి నడిచింది. వెనకాల ఊరంతా నడిచింది.

ముసలాయన ఉండని పళ్లెంలో వేశాడు. ఈక పట్టుకున్నాడు. చెయ్యి వణికింది, ఈక పక్కకి పోయింది. రెండోసారీ అంతే. అప్పుడు తాడిచెట్టు ఆయన చేతిలోంచి ఈక తీసుకుని తనే కూర్చుంది. పసిదానికి మందు పట్టినంత నెమ్మదిగా, మడత వెంట మడత, ఎన్నో నిమిషాలు. మొగుడుగారు పేపరు కింద పెట్టేశాడు. కాగితం విచ్చుకుంది. నీలం గీతల్లాంటివి కనిపించాయి. ముసలాయన వంగి చదివాడు, పెదాలు కదిలాయి, కానీ సరిగ్గా అక్కడ వయొలిన్లు మోగి ఒక్క ముక్కా వినపడలేదు.

"ఆ సంగీతం పెట్టినవాణ్ణి వంతెన దాటించాలి ముందు!" అంది అత్తగారు.

చదివాక ముసలాయన ఊరి వైపు తిరిగి, "ఈ చేతులు నాకు కావాలి. ఈవిడ ఎక్కడికీ వెళ్లదు" అన్నాడు. ఆ లైబ్రరీ ఎండితే తప్ప ఊరికి వైద్యం పుస్తకాలు లేవు, ఎవరికీ ఎదురు చెప్పే దారి దొరకలేదు. చివర్లో తాడిచెట్టు ఆరేసిన కాగితాల కింద కూర్చుని, యూనిఫాం విప్పి మామూలు బట్టలు కట్టుకుని, దాన్ని మడతపెట్టింది. రెండు నిమిషాలు మడతే పెట్టింది. కాలరు లోపలికి, జేబు పైకి. తర్వాత పేర్లు పడ్డాయి. ఆ ఆదివారం పేపరాయన, ముగింపులో రెండు నిమిషాలు బట్ట మడతపెట్టడం ఏ కళ కిందికి వస్తుందో దర్శకుడే చెప్పాలని రాశాడు. కానీ శుక్రవారం ఆ హాల్లో కూర్చున్నవాళ్లకి అది ఏమిటో తెలుసు.

"చెడ్డది కాదులే పాపం" అంది అత్తగారు, కళ్లొత్తుకుంటూ. ఎవర్ని ఉద్దేశించి అందో గానీ, చెల్లి వీపు నిమురుతూ అంది.

మర్నాడు మడతక్క బయల్దేరుతుంటే చెల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్ల తర్వాత ఆసుపత్రి వెనక గేటు దాకా వచ్చింది. లోపలికి రానంది, అక్కడి బెంచీ మీద కూర్చుంది. మడతక్క లోపలికెళ్లి బుట్టలు లెక్కపెట్టుకుంది. పన్నెండో బుట్టలో కుప్పలు లేవు, బురద లేదు. అడుగున ఒకే ఒక్క యూనిఫాం ఉంది. ఉతికి, మడతపెట్టి ఉంది. కాలరు లోపలికి, జేబు పైకి, అంచులు అతికించినట్టు. ఇరవై రెండేళ్లలో తన దగ్గరికి ఒక్క బట్ట కూడా ఎవరూ ఉతికి పంపలేదు. జేబుకి సంచి వేలాడుతోంది, పిన్నీసుతో సహా. జేబులో దొరికింది జేబుకే పంపాలన్న మర్యాద అవతలివాళ్లకీ తెలిసింది.

సంచి విప్పడం లాండ్రీ పని కాదు. అలాగే తెచ్చి చెల్లి చేతిలో పెట్టింది. లోపల అరచేతిలో సగం ఉన్న చీటీ, నాలుగు మడతల గీతలతో, తీగ మీద ఆరిన కాగితంలా కాస్త వంకర తిరిగి ఉంది. అక్షరాలు చెల్లివే, నిద్ర చాలక వాలిపోయిన అక్షరాలు.

'వంటింటి కిటికీ. గడియ పక్కకి లాగొద్దు. ముందు పైకెత్తు, తర్వాత లాగు. నేను చేసిందే, తప్పు నాదే. కోప్పడకు.'

చెల్లి రెండుసార్లు చదివింది. "ఇంతేనా?" అంది. "నేనింకా ఎంత పెద్ద మాట పోగొట్టానో అనుకున్నానక్కా." ఆ తర్వాత ఏడ్చింది, మడతక్క కూడా ఏడ్చింది, ఏమైందని అడగడానికి అక్కడ అత్తగారు లేదు కాబట్టి తీరిగ్గా ఏడ్చారు.

ఆదివారం ఇద్దరూ వడ్రంగి ఇంటికి వెళ్లారు. కూతురికి ముప్పై దాటి ఉంటాయి, బడిలో లెక్కలు చెబుతుందట, వేళ్లకి సుద్దపొడి. తాము ఎవరో చెప్పుకున్నాక చెల్లి దాపరికం లేకుండా జరిగింది చెప్పింది. మీ నాన్నగారు రాయించిన చీటీ ఉతుకులో పోగొట్టానని, ఇన్నాళ్లూ ముఖం చెల్లక రాలేదని, నిన్ననే మళ్లీ దొరికిందని. ఎలా దొరికిందని అడిగిందామె. సీరియల్లో అంది చెల్లి. భయమేసి నేనా సీరియల్ చూడలేదండీ అందామె, చీటీ అందుకుంటూ.

చదివి వంటింట్లోకి నడిచింది. వీళ్లిద్దరూ వెనకే వెళ్లారు. పొయ్యి పైన గోడంతా పొగ పట్టి నల్లబడింది. కిటికీ నాలుగేళ్లుగా మూసే ఉంది. ఎప్పుడూ ఆయనే తెరిచేవాడు, ఎలా తెరుస్తాడో ఈవిడ ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు వడ్రంగులు వచ్చి పగలగొట్టాలన్నారు, నాన్న చేసినదాన్ని పగలగొట్టనివ్వలేదు. ఆమె గడియ పట్టుకుని పైకెత్తింది. తర్వాత లాగింది. టక్కుమంటూ రెక్కలు రెండూ బయటికి తెరుచుకున్నాయి. గాలికి గోడ మీది క్యాలెండరు కాగితాలు లేచి పడ్డాయి.

"కోప్పడేదాన్నండీ" అందామె, బయటికే చూస్తూ. "రోజూ ఈ కిటికీ మీద కోప్పడేదాన్ని. ఆయనకి తెలుసన్నమాట."

ఆ తర్వాత టీ పెట్టింది. పొగంతా బయటికి పోయింది. ముగ్గురూ వంటింట్లోనే నిలబడి తాగారు. వచ్చేటప్పుడు ఆమె చెల్లి చేయి పట్టుకుని, మీరు రాసిపెట్టారు, అది చాలండీ అంది.

సోమవారం పొద్దున్న పాల కోసం ఫ్రిజ్ తలుపు తీయబోయి మడతక్క ఆగింది. అయస్కాంతం ఒక్కటే ఉంది. ఉత్తరం లేదు. గుమ్మంలో చెల్లి చెప్పులూ లేవు.

ఇప్పుడు పన్నెండో బుట్ట ఖాళీగానే ఉంటోంది. కొత్త సీరియల్ ఏదో మొదలవుతుందని అత్తగారు ఎదురుచూస్తోంది. సముద్రం కథ మాత్రం వద్దత్తయ్యా, ఉప్పు చారలు పోవు అని మడతక్క ముందే బతిమాలుకుంది. అంతా అయ్యాక ఆ సీరియల్ ఎలా ఉందే అని మొగుడుగారు అడిగితే, సగం బాగుందని చెప్పింది. ఏ సగమని అడిగాడు. నేను ఉతికిన సగం అంది.

తాడిచెట్టు యూనిఫాం మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు. అది చెల్లికి పొడుగైతే, మడతక్క అంచు నాలుగువేళ్లు లోపలికి మడిచి కుట్టి, లోపల చెరగని సిరాతో రెండువందల పద్నాలుగని వేసింది.

కొత్త వార్డు బుట్టలో ఆ యూనిఫాం మొదటిసారి ఉతుక్కి వచ్చిన రోజున, మడతక్క అలవాటు ప్రకారం జేబులో చేయి పెట్టింది. వేళ్లకి కాగితం తగల్లేదు. బెత్తెడు తెల్లగుడ్డ పేలిక, దాని మీద చెరగని సిరాతో చెల్లి రాత. 'ఏడో మంచం తాతగారు మనవరాలికి చెప్పమన్నారు, పిల్లిని తిట్టొద్దట.'

ఆ సిరా ఎంత ఉతికినా పోదు. మరిగే నీళ్లలో వేసినా పోదు. అయినా మడతక్క ఆ పేలికని తీసి, చదునుచేసి, గుడ్డసంచిలో వేసి, పిన్నీసు చేతిలో పట్టుకుని బట్ట ఉతకడానికి వెళ్లింది.